మంచము విడిచి పందెమునకు: అబెబె బికిలా జీవితము



టైఫాయిడు జ్వరముతో మూడు వారములు మంచము పట్టి లేచిన రైతును మనమందరము ఏదో ఒక కాలమందు చూచియే యున్నాము. జ్వరము విడిచినది, పథ్యము ముగిసినది, నాలుకకు రుచి తెలిసినది. ఇక నాకేమి కొదువ అనుకొని అతడు ఒక ఉదయమున ఎడ్లను తోలుకొని పొలమునకు పోవును. నాలుగు చాళ్లు దున్నునప్పటికే కండ్లు తిరుగును, మోకాళ్లు వణకును, గట్టుమీద కూలబడును. నెల దినముల క్రిందట ఇదే పొలమును ప్రొద్దుగ్రుంకు వరకు దున్నిన కాళ్లే అవి. ఆ బలము ఎక్కడికి పోయినది? అది మరల వచ్చునా? వచ్చినయెడల ఎట్లు వచ్చును, ఎన్నాళ్లకు వచ్చును? మంచము విడిచిన ప్రతివాని మనస్సులోను ఈ ప్రశ్నలు మెదలుచునే యుండును. కొందరు తొందరపడి మరల మంచమెక్కుదురు. కొందరు భయపడి, ఇక మన పని అయిపోయినదని అరుగుమీదనే కూర్చుండిపోవుదురు.

ఈ ప్రశ్నలకు తన కాళ్లతోనే జవాబు చెప్పిన ఒక మనుష్యుని జీవితమును ఈ నెల మీ ముందర ఉంచుచున్నాము. అతడు ఇథియోపియా దేశస్థుడు. పేరు అబెబె బికిలా. అతడు చనిపోయి ఏబది సంవత్సరములు దాటినను, దూరపు పరుగు పందెములను ఎరిగినవారు అతని పేరు ఎరుగకుండరు. అపొస్తలుడైన పౌలు కొరింథులోని సంఘమునకు వ్రాయుచు పందెగాండ్ర పరుగును ఉపమానముగా చూపెనని మనమెరుగుదుము. ఉపమానము చక్కగా బోధపడవలెనన్న, పరుగెత్తువాడు నిజముగా ఏమేమి భరించునో మొదట తెలిసికొనుట మంచిది గదా.

గొల్లపిల్లవాడు

అపొస్తలుల కార్యములలో రథమెక్కి పోవుచు యెషయా గ్రంథము చదివిన ఐతియొపీయుని కథ మన బడిపిల్లలు కూడ చెప్పగలరు. ఆ కాలమందు ఆ పేరు నైలునది పైభాగమున నున్న, నేడు సూడాను అనబడు ప్రాంతమునకు చెల్లెడిదని పండితులు చెప్పుదురు. అయితే నేడు ఇథియోపియా అని పిలువబడు దేశము కూడ క్రైస్తవ్యములో చాల పాతదే. అక్కడి అక్సుము రాజ్యము నాలుగవ శతాబ్దములోనే క్రీస్తు మతమును అంగీకరించెను. ఎత్తయిన కొండనేలలు, గొఱ్ఱెల మందలు, రాతిలో తొలిచిన గుడులు గల దేశమది. దాని ముఖ్యపట్టణమైన ఆడిస్ అబాబా సముద్రమట్టమునకు సుమారు 2,400 మీటర్ల ఎత్తున నున్నది. అనగా మన అరకులోయకు రెండింతల కంటె ఎక్కువ ఎత్తు. అంత ఎత్తున గాలి పలుచన. అక్కడ పుట్టి పెరిగినవాని రక్తమును ఊపిరియు ఆ పలుచని గాలికి అలవాటుపడి యుండును.

ఆ దేశములో జాటో అను పల్లెయందు 1932వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన అబెబె పుట్టెను. ఆ దినముననే అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరములో ఒలింపిక్ మారథాను పందెము జరిగెను. బీదల ఇంట పుట్టినవాడు, చిన్ననాట మందను కాచినవాడు. అతనికి మూడేండ్లు నిండిన 1935లో ఇటలీ సేనలు అతని దేశము మీదికి వచ్చెను. 1941 వరకు దేశము పరుల చేతిలో నుండెను. ఆ పల్లెల పిల్లలకు గెన్నా అను ఒక ఆట కలదు. క్రిస్మసు పండుగ పేరే ఆ ఆటకు పేరు. వంపు కఱ్ఱలతో బంతిని కొట్టుచు పొలములకు అడ్డముపడి పరుగెత్తు ఆట అది. అబెబె కాళ్లకు మొదటి పాఠశాల ఆ మందయు ఆ ఆటయే.

యౌవనములో అతడు పొట్టకూటికై ఆడిస్ అబాబాకు వచ్చి, చక్రవర్తి హైలే సెలాసీ అంగరక్షక దళములో సిపాయిగా చేరెను. అక్కడ సిపాయిల దేహదారుఢ్యమును చూచుటకు ఓన్ని నిస్కానెన్ అను స్వీడను దేశస్థుడు నియమింపబడి యుండెను. ఆయన ఫిన్లాండులో పుట్టి స్వీడనులో పెరిగి, 1946లో ఇథియోపియాకు వచ్చినవాడు. ఈ పొడగరి సిపాయి పరుగును చూచి, ఇతనిలో ఏదో కలదని ఆయన కనిపెట్టెను. నిస్కానెన్ పెట్టిన కట్టడి రెండు విధములు. ఒక దినము కొండలమీదను బాటలమీదను గంటలకొలది దూరపు పరుగు. మరియొక దినము మైదానములో కొంత దూరము వేగముగా పరుగెత్తుట, కొంచెము ఊపిరి తీసికొనుట, మరల వేగముగా పరుగెత్తుట. మొదటిది ఓర్పును పెంచును, రెండవది వేగమును పెంచును. ఈ కట్టడిని అబెబె ఏండ్ల తరబడి తప్పక పాటించెను. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి, ముందు దీనితో మనకు పని కలదు.

రోము నగరపు రాత్రి

మారథాను అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు. విజయవాడ నుండి తెనాలికి పోవు దూరము కంటె ఎక్కువ. 1960వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీ సాయంకాలము రోము నగరములో ఈ పందెము జరిగెను. అబెబెను అప్పటికి బయటి దేశములలో ఎరిగినవారు లేరు. కొత్త బూట్లు కాళ్లకు సరిపడనందున అతడు చెప్పులు లేని కాళ్లతోనే బయలుదేరెను. చీకటి పడెను. పాత అప్పియా బాట పొడవున సిపాయిలు దివిటీలు పట్టుకొని నిలిచిరి. చాల దూరము వరకు మొరాకో దేశపు రాది బెన్ అబ్దెసలాము అతని ప్రక్కనే పరుగెత్తెను. 1937లో ఇటలీవారు అక్సుము నుండి తెచ్చి రోములో నిలిపిన పెద్ద రాతిస్తంభము బాటలో ఎదురుపడగానే, అబెబె వేగము పెంచి ముందుకు పోయెను. 2 గంటల 15 నిమిషముల 16.2 సెకండ్లలో కాన్‌స్టంటైను విజయద్వారము చేరెను. అంతకుముందు ఎవరును ఆ దూరమును అంత త్వరగా పరుగెత్తియుండలేదు. ఒలింపిక్ స్వర్ణ పతకమును గెలిచిన మొదటి నల్లజాతి ఆఫ్రికా దేశస్థుడు అతడే. తన దేశమును ఆక్రమించిన రాజ్యపు ముఖ్యపట్టణములో, ఆయుధము లేకుండ, వట్టి కాళ్లతో ఒక గొల్లపిల్లవాడు అట్లు గెలిచెను. ఆ రాతిస్తంభము కూడ 2005లో ముక్కలుగా ఇథియోపియాకు తిరిగి చేరి, 2008లో తన చోట మరల నిలుపబడెను.

1961లో అతడు ఏథెన్సు, ఒసాకా, కోషిట్సె పట్టణములలో మారథానులు గెలిచెను. అటుపిమ్మట ఏడాదిన్నర దేశాంతరములలో ఏ మారథానును పరుగెత్తలేదు. 1963 ఏప్రిలులో అమెరికాలోని బోస్టను నగరమునకు పోయెను. అక్కడ తన దేశస్థుడు మామో వోల్డేతో కలిసి చాల దూరము వరకు అందరికంటె ముందుండి మిక్కిలి వేగముగా పరుగెత్తెను. తరువాత ఎదురుగాలియు చలియు కొండయెక్కుడులును వారిని పట్టుకొనెను. అబెబె అయిదవవాడుగా గమ్యము చేరెను. ఒకప్పుడు గెలిచినవాడైనను, నేటి బలమును ఎరుగక నిన్నటి వేగముతో బయలుదేరినయెడల బాట ఊరుకొనదు. నాగలి పట్టుకొనిన ఆ రైతుకు గట్టుమీద తెలిసినది ఇదియే.

ముప్పది అయిదు దినములు

తరువాతి ఒలింపిక్ క్రీడలు 1964 అక్టోబరులో జపాను దేశపు టోక్యో నగరములో జరుగవలసి యుండెను. ఆ యేడు ఆగస్టులో ఆడిస్ అబాబాలో జరిగిన ఎంపిక పందెములో అబెబె 2 గంటల 16 నిమిషములతో గెలిచెను. అంత ఎత్తున, అంత పలుచని గాలిలో ఆ కాలము సామాన్యమైనది కాదు. అంతా సిద్ధముగా నున్నదని అందరు తలంచిరి.

అప్పుడు, సెప్టెంబరులో ఒకనాడు అభ్యాసపు పరుగులో అతని కడుపులో నొప్పి పుట్టెను. ఆసుపత్రికి తీసికొని పోగా వైద్యులు అది అపెండిసైటిసు అనిరి. పెద్దప్రేగు మొదట చిన్న తోకవలె వ్రేలాడు భాగము వాచి చీముపట్టుటయే ఈ జబ్బు. ఆలస్యము చేసినయెడల అది పగిలి ప్రాణమునకు వచ్చును. సెప్టెంబరు 16వ తేదీన శస్త్రచికిత్స చేసి ఆ భాగమును తీసివేసిరి. పందెము అక్టోబరు 21వ తేదీ. లెక్కించి చూడుడి, మధ్య ముప్పది అయిదు దినములు మాత్రమే.

నేడు ఈ ఆపరేషనును చిన్న చిన్న రంధ్రముల గుండ గొట్టములు దూర్చి చేయుచున్నారు గనుక రోగి త్వరగా తేరుకొనును. ఆ దినములలో కడుపును కోసియే చేయవలెను. పైచర్మము వారము పది దినములలో అతుకుకొనును గాని, లోపలి కండయు పొరలును గట్టిపడుటకు వారములు పట్టును. పరుగెత్తువానికి కాళ్లెంతో కడుపు కండ అంత. ప్రతి అడుగునకు అది బిగియవలెను, ప్రతి శ్వాసకు అది కదలవలెను. కాబట్టి అబెబె టోక్యోలో పరుగెత్తుట యేమి, పరుగెత్తినను గెలుచుట యేమి అని లోకము అనుకొనెను.

ఇక్కడ ఒక్క నిమిషము ఆగి, పని మానిన దేహములో ఏమి జరుగునో చూతము. వైద్యులు పందెగాండ్రను పరీక్షించి తెలిసికొనిన సంగతులివి. అయిదారు దినములు పరుగు మానినంత మాత్రమున పోవునది ఏమియు లేదు. అలసిన కాళ్లకు అది మేలుకూడ. రెండు వారములు దాటునప్పటికి మొదట రక్తములోని నీటి భాగము తగ్గును. అప్పుడు గుండె ఒక్కొక్క కొట్టుకు పంపు రక్తము తగ్గును. అందువలన నిన్న సుళువుగా పోయిన వేగముననే నేడు గుండె దడదడ కొట్టుకొనును, ఆయాసము వచ్చును. వారములు గడిచినకొలది కండలు గాలిని వాడుకొను శక్తి కూడ సన్నగిల్లును. ఇది నష్టపు లెక్క.

అయితే లాభపు లెక్క కూడ కలదు. ఏండ్ల తరబడి పరుగెత్తినవాని గుండె కొన్ని వారములలో చిన్నది కాదు. కండలలో అల్లుకొనిన సన్నని రక్తనాళములు వెంటనే మాసిపోవు. అడుగు వేయు తీరును కాళ్లు మరువవు. నిన్న మొన్న మొదలుపెట్టినవాడు నెల మానినయెడల దాదాపు మొదటికి వచ్చును. పదేండ్లు చేసినవాడు నెల మానినయెడల సగము దూరము మాత్రము వెనుకకు జారును. పాత గాదెలో ధాన్యమున్న ఇల్లు ఒక పంట పోయినంత మాత్రమున పస్తులుండదు గదా! అబెబెకు ఆ గాదె నిండుగా నుండెను. కొండబాటలమీద అతడు పోగుచేసిన ఏండ్ల కష్టమంతయు అతని గుండెలోను కండలలోను నిలువయుండెను. మంచముమీద గడిచిన దినములు పైపైన కొంత తీసికొనెను గాని అడుగున నున్నదానిని ముట్టలేకపోయెను.

అతడు కొన్ని దినములలోనే లేచి నిలిచెను. వారము తిరుగక మునుపే ఆసుపత్రి విడిచెను. ఆసుపత్రిలో నున్నప్పుడే రాత్రివేళ ఆవరణములో మెల్లగా పరుగెత్తి చూచుకొనెనని అతనిని గూర్చి ఒక కథ చెప్పుదురు. కథ మాట ఎట్లున్నను, మేము గమనింపవలసినది వేరొకటి. అతడు మొదట నడిచెను, తరువాత మెల్లగా పరుగెత్తెను, టోక్యో చేరిన పిమ్మట నిస్కానెన్ కన్నుల యెదుట కొంచెము కొంచెముగా దూరము పెంచెను. పోయిన దినముల పరుగునంతటిని ఒక్కసారిగా తీర్చవలెనని పూనుకొనలేదు. పోయిన అభ్యాసము అప్పు కాదు, వడ్డీతో ఒకేమారు చెల్లింపవలసిన పని లేదు. అది పోయినది. నేటి బలమెంతో అంతతో మొదలుపెట్టుటయే మార్గము.

ఇందులో ఒక అపాయము కూడ దాగియున్నది. తిరిగి పరుగు మొదలుపెట్టినవానికి ఊపిరియు గుండెయు త్వరగా, కొన్ని వారములలోనే, సర్దుకొనును. ఎముకలును నరముల కట్లును ఆలస్యముగా గట్టిపడును. ఊపిరి బాగున్నది గదా అని తొందరపడి వేగము పెంచినవాని కాలు విరుగుటయు, మడమ వాచుటయు అందువలననే. ఊపిరి అనుమతించినదానిని కాళ్లు అనుమతించువరకు కనిపెట్టుకొని యుండవలెను.

టోక్యో

అక్టోబరు 21వ తేదీ మధ్యాహ్నము 68 మంది పందెగాండ్రు టోక్యో క్రీడాస్థలము నుండి బయలుదేరిరి. ఈసారి అబెబె కాళ్లకు తెల్లని బూట్లుండెను. ఆస్ట్రేలియా దేశపు రాన్ క్లార్కు మొదటి నుండియే మిక్కిలి వేగము పట్టెను. పది వేల మీటర్ల పరుగులో లోకములోకెల్ల వేగముగా పరుగెత్తిన కీర్తి అప్పుడు అతనిదే. మొదటి 10 కిలోమీటర్లు అరగంటకు కొంచెము మించిన కాలములోనే గడిచెను. అబెబె అతని వేగమునకు ఉలికిపడలేదు, వెనుకపడను లేదు. ఐర్లండు పక్షమున పరుగెత్తిన జిమ్ హోగన్ అనునతడును వారితో కూడ నుండెను. కొంత దూరము పోవునప్పటికి క్లార్కు వెనుకపడెను. సగము దూరమునకే అబెబె ముందుండెను. ఆ తరువాత హోగన్ కూడ వెనుకపడి, చివర కొద్ది కిలోమీటర్లు మిగిలియుండగా బాట ప్రక్కను ఆగిపోయెను.

అబెబె మాత్రము ముఖములో మార్పు లేక, తల కదలక, గడియారపు ముల్లువలె సాగిపోయెను. నిండిన క్రీడాస్థలములోనికి ఒంటరిగా ప్రవేశించెను. 2 గంటల 12 నిమిషముల 11.2 సెకండ్లకు గీత దాటెను. తన రోము కాలము కంటె మూడు నిమిషములకు పైగా తక్కువ. ఆనాటి వరకు లోకములో ఎవరును పరుగెత్తనంత త్వరితము. గీత దాటినవాడు కూలబడలేదు. పచ్చిక మీదికి పోయి, వెల్లకిల పండుకొని కాళ్లు పైకెత్తి, నడుము వంచి వ్యాయామము చేయసాగెను. జనులు విస్తుపోయిరి. రెండవవాడు గమ్యము చేరుటకు ఇంకను నాలుగు నిమిషములకు పైగా పట్టెను. జపాను దేశపు త్సుబురాయా రెండవవాడుగా క్రీడాస్థలములోనికి వచ్చినను, చివరి చుట్టులో ఇంగ్లండు దేశపు బాజిల్ హీట్లీ అతనిని దాటెను. పతకమిచ్చు వేళ వాద్యగాండ్రకు ఇథియోపియా దేశగీతము తెలియదు గనుక జపాను దేశగీతమునే వాయించిరి. ఒలింపిక్ మారథానును రెండు మారులు గెలిచిన మొదటివాడు అబెబె. శస్త్రచికిత్స జరిగి అప్పటికి అయిదు వారములు.

నొప్పి మాట వినవలసిన వేళ

ఇంతటితో కథ ముగించినయెడల చదువరులకు సంతోషముగా నుండును గాని, సత్యము సగమే చెప్పినవారమగుదుము. జబ్బుపడి లేచిన ప్రతివాడును అయిదు వారములలో లోకమును గెలువవచ్చునని ఎవరైన అనుకొనినయెడల మేము వారికి కీడు చేసినవారమే. అబెబె జీవితములోనే దీనికి జవాబు కలదు.

1967లో స్పెయిను దేశమందలి జరౌట్జ్ మారథానులో అతని తొడ వెనుకటి కండ దెబ్బతినెను. అటుపిమ్మట అతడు ఏ మారథానును ముగింపలేకపోయెను. 1968లో మెక్సికో నగరపు ఒలింపిక్ క్రీడలకు పోయెను. మూడవసారి గెలుచునేమో యని జనులు ఎదురుచూచిరి. పందెమునకు ఒక వారము ముందు ఎడమకాలు నొప్పిపెట్టెను. కాలి సన్న ఎముక పగిలినదని వైద్యులు కనుగొనిరి. పందెపు దినమువరకు కాలు నేల మోపవద్దనిరి. అక్టోబరు 20న అతడు బయలుదేరెను గాని 17 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయెను. అతనితో ఏండ్ల తరబడి పరుగెత్తిన మామో వోల్డే ముందుకు సాగి గెలిచెను. రోము, టోక్యో, మెక్సికో మూడింటను ఇథియోపియావారే గెలిచిరి.

1964లో అయిదు వారములు చాలినవి, 1968లో ఒక వారము చాలలేదు. గుండె అదే, ధైర్యము అదే, గాదె కూడ అదే. అయితే 1964లో అతని కడుపులోని చెడ్డ భాగము తీసివేయబడెను, గాయము మానుచుండెను, కాళ్లు క్షేమముగా నుండెను. 1968లో పరుగును మోయవలసిన ఎముకయే పగిలియుండెను. మానుచున్న నొప్పి ఒకటి, పెరుగుచున్న నొప్పి ఒకటి. మొదటి దానితో మెల్లగా నడువవచ్చును. రెండవ దాని యెదుట నిలువవలెను. ఈ రెంటికిని భేదము తెలిసికొనుట పరుగెత్తుటకంటె కష్టము. ఆగిపోవుట అతనికి అవమానము కాదు. ఆ కాలితో ఇంకను 25 కిలోమీటర్లు ఈడ్చియుండినయెడల అతడు ఎన్నటికిని సరిగా నడువకపోవునేమో.

తిరిగి రాని బలము

అటుపిమ్మట వచ్చినది ఎవరును తలంచనిది. 1969వ సంవత్సరము మార్చి 22వ తేదీ రాత్రి అబెబె తన చిన్న కారును నడుపుకొనుచు పోవుచుండగా అది అదుపు తప్పి బోల్తాపడెను. మరునాటి ఉదయము వరకు అతడు దానిలోనే చిక్కుకొని యుండెను. మెడ దగ్గర వెన్నునరము దెబ్బతినెను. మెడ క్రింద దేహమంతయు చచ్చుబడెను. ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ అను చోట వెన్ను దెబ్బతినినవారికై ఒక గొప్ప ఆసుపత్రి విభాగము కలదు. లుడ్విగ్ గుట్మన్ అను వైద్యుడు 1944లో దానిని స్థాపించెను. అబెబెను అక్కడికి కొనిపోయిరి. ఎనిమిది నెలలు అక్కడ నుండెను. మొదట తల కూడ కదల్పలేనివానికి మెల్లమెల్లగా చేతులు స్వాధీనమునకు వచ్చెను. కాళ్లు మాత్రము ఎన్నటికిని రాలేదు.

ఇప్పుడు మన మొదటి ప్రశ్న మరల అడుగుదము. పోయిన బలము తిరిగి వచ్చునా? కొన్ని మారులు వచ్చును, కొన్ని మారులు రాదు. లోకములో అందరికంటె ఎక్కువగా పరుగెత్తిన కాళ్లకే రాలేదు. మన సంఘములలో పక్షవాతముతో మూల కూర్చున్న తండ్రులకు, చెట్టుమీద నుండి పడి నడుము పోయిన తాటిచెట్టు గీత కార్మికునికి ఈ మాట కొత్తది కాదు. వారి యెదుట టోక్యో కథ మాత్రమే చెప్పుట గాయముమీద కారము చల్లుటయే.

అబెబె ఏమి చేసెను? చేతులు మిగిలినవి గనుక చేతులతో మొదలుపెట్టెను. అదే పాత పద్ధతి. నేడు ఉన్న బలమెంతో అంతతోనే. గుట్మన్ 1948 నుండి ఆ ఆసుపత్రిలో చక్రముల కుర్చీలలో నున్నవారికై ఆటల పోటీలు పెట్టుచుండెను. 1970లో అబెబె ఆ పోటీలలో విల్లు పట్టి బాణములు వేసెను, బల్లమీది బంతియాట ఆడెను. అందులో గెలుపు పొందలేదు. ఒకప్పుడు రాజులు పిలిచి పతకములు తొడిగిన మనుష్యుడు కొత్తవానివలె వరుసలో కూర్చుండి విల్లు ఎక్కుపెట్టుట నేర్చుకొనెను. మరుసటి యేడు నార్వే దేశములో వికలాంగుల క్రీడలకు అతిథిగా పోయి, మంచుమీద కుక్కలు లాగు బండి పందెములో పాల్గొని మొదటివాడుగా వచ్చెను. కొండబాటల గొల్లపిల్లవానికి గాలి ముఖమునకు తగులుట మరల దొరకెను.

1972లో మ్యూనిక్ నగరపు ఒలింపిక్ క్రీడలకు అతనిని గౌరవ అతిథిగా పిలిచిరి. చక్రముల కుర్చీలో కూర్చున్న అతనిని చూచి జనులు లేచి నిలిచిరి. ఆ యేటి మారథాను గెలిచిన అమెరికా దేశస్థుడు ఫ్రాంక్ షార్టర్ పతకము పొందిన పిమ్మట అతని యొద్దకు వచ్చి చేయి కలిపెను.

1973వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన, ఆ ప్రమాదము వలననే కలిగిన ఉపద్రవముతో మెదడులో రక్తస్రావమై అబెబె ఆడిస్ అబాబాలో చనిపోయెను. వయస్సు నలుబదియొక్క సంవత్సరములు. భార్య యెవుబ్దారును, నలుగురు పిల్లలును మిగిలిరి. పరిశుద్ధ యోసేపు పేరిట నున్న దేవాలయపు సమాధుల తోటలో సైనిక మర్యాదలతో అతనిని పాతిపెట్టిరి. వేలకొలది జనులు వెంట నడిచిరి, చక్రవర్తి కూడ వచ్చెను. అతని వెనుక మిరుట్స్ యిఫ్టర్, డెరార్టు టులు, హైలే గెబ్రెసెలాసీ మొదలైనవారు ఆ కొండనేలల నుండి వచ్చి లోకమును గెలిచిరి. 2024లో పారిసు ఒలింపిక్ క్రీడలలో కూడ పురుషుల మారథానును గెలిచినవాడు ఇథియోపియావాడైన టమిరాట్ టోలాయే. మొదట ఎంపికకాక, మరియొకడు దెబ్బతగిలి ఆగిపోగా అతని స్థానమున పోయినవాడతడు.

మనకు మిగులు మాట

ప్రియులారా, జబ్బుపడి లేచి పొలమునకు పోవలెనని ఆత్రపడువారు మనలో అనేకులు కలరు. పురిటి మంచము నుండి లేచి వెంటనే నీళ్ల బిందె ఎత్తుకొను తల్లులు కలరు. పోలీసు ఉద్యోగపు పరుగు పరీక్షకై తెల్లవారుజామున రోడ్డుమీద పరుగెత్తుచు, కాలు బెణికి నెల కూర్చుండి, పరీక్ష దినము దగ్గరపడుచున్నదని వ్యాకులపడు మన యౌవనస్థులును కలరు. వారందరికిని ఈ జీవితము నుండి మేము చెప్పదగినవి కొద్ది మాటలే. జ్వరమున్న దినమున పరుగు వద్దు. కోత కోసిన గాయమున్నప్పుడు వైద్యుడు సరేయనువరకు బరువు ఎత్తవద్దు. మొదట నడువుడి. నడక సుళువైన తరువాత మెల్లగా పరుగెత్తుడి, మాటలాడుచు పోగలిగినంత మెల్లగా. ఒక దినము పరుగు, ఒక దినము విశ్రాంతి. దూరమును మొదట పెంచుడి, వేగమును చివర పెంచుడి. ఒకేచోట నొప్పి పుట్టి దినదినము పెరుగుచున్నయెడల నిలిచిపోవుడి. ఏండ్ల తరబడి కష్టపడినవారు భయపడవద్దు, గాదె అడుగున గింజలున్నవి. నిన్న మొదలుపెట్టినవారు సిగ్గుపడవద్దు, గాదె నింపుటకు కాలము కలదు.

బలము తిరిగిరాని వారికి మేమేమి చెప్పగలము? స్టోక్ మాండెవిల్ మైదానములో చక్రముల కుర్చీలో కూర్చుండి విల్లు వంచుచున్న ఆ మనుష్యుని తలంచుకొనుడి. రోములో వట్టి కాళ్లతోను, టోక్యోలో మానుచున్న కడుపుతోను, ఇంగ్లండులో రెండు చేతులతోను అతడు చేసినది ఒక్కటే పని. పోయినదానిని లెక్కించుచు కూర్చుండక, మిగిలినదానిని చేతపట్టుకొని మొదలుపెట్టెను. పరుగు పందెము ఉపమానముగా వాక్యములో మనకు కనబడినప్పుడెల్ల, గెలిచినవాని కాళ్లను మాత్రమే గాక, మంచము ప్రక్కను మొదటి అడుగు వేయుచున్నవాని వణకు కాళ్లను కూడ జ్ఞాపకము చేసికొందము. ఈ వారము మన పొరుగున అట్టివారు ఒకరైనను ఉందురు. వారిని తొందరపెట్టక, వారితో కూడ నాలుగు అడుగులు మెల్లగా నడుతము.